రేవు తీసిన ఇసుక తీరానికి చేరుతున్నదా?

విశాఖపట్నం రామకృష్ణా బీచిలో నిలబడి దక్షిణంగా చూస్తే డాల్ఫిన్ నోస్ కొండ, దాని ముందు సముద్రంలోకి చొచ్చుకుపోయిన రేవు గోడలు కనిపిస్తాయి. అప్పుడప్పుడు ఆ గోడల చెంత ఒక ఓడ మెల్లగా అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది. అది సరుకులు మోసే ఓడ కాదు, ప్రయాణికుల ఓడ అంతకంటే కాదు. రేవు ముఖద్వారం వద్ద పేరుకున్న ఇసుకను సముద్రపు అడుగునుండి పైపులతో పీల్చి, తన పొట్టలో నింపుకొని, వేరొక చోట వదలివచ్చే డ్రెడ్జరు అది. ఆ ఇసుక లేకపోతే రేవుకు మేలు. ఆ ఇసుక ఉంటేనే బీచికి ప్రాణం. ఒకరికి బరువైనది మరొకరికి బ్రతుకుతెరువు కావడం లోకంలో కొత్త కాదు. అయితే బరువు దించుకున్న చోటునుండి ఆ ఇసుక అవసరమున్న చోటికి నిజంగా చేరుతున్నదా అన్నదే ప్రశ్న. ఈ ప్రశ్నకు ఊహతో గాక లెక్కతో సమాధానం చెప్పడానికి శాస్త్రజ్ఞులు అనుసరిస్తున్న పద్ధతులను పరిచయం చేయడం ఈ వ్యాసం ఉద్దేశం.

విషయం చిన్నది కాదు. మన దేశపు ప్రధాన భూభాగానికి 6,907 కిలోమీటర్ల సముద్రతీరం ఉన్నది. 1990 నుండి 2018 వరకు తీరరేఖలో వచ్చిన మార్పులను చెన్నైలోని జాతీయ తీర పరిశోధన కేంద్రం పరిశీలించగా, ఇందులో 33.6 శాతం కోతకు గురవుతున్నట్లు, 26.9 శాతం మేట వేస్తున్నట్లు, తక్కినది దాదాపు నిలకడగా ఉన్నట్లు తేలింది. పశ్చిమ బెంగాల్‌లో కోత 60.5 శాతం తీరాన్ని పట్టి ఉన్నది. ఆంధ్రప్రదేశ్‌లో 28.7 శాతం. కోతను, మేటను మనం రెండు వేరు వేరు సంఘటనలుగా చూస్తాము. కాని అవి ఒకే ఖాతా పుస్తకంలోని ఎదురెదురు పుటలు. ఒక చోట జమ అయిన ఇసుక చాలా సందర్భాలలో మరొక చోట ఖర్చు రాసినదే.

ఇసుక ప్రయాణం

అలలు తీరానికి నేరుగా కాక ఏటవాలుగా వచ్చి తాకినప్పుడు, ప్రతి అలా కొంత ఇసుకను ఏటవాలుగా పైకి నెట్టుతుంది. తిరిగిపోయే నీరు దానిని వాలు వెంట క్రిందికి లాగుతుంది. ఇట్లా రంపపు పళ్ళవలె ఎక్కుతూ దిగుతూ ఇసుక తీరం వెంట ఒక దిక్కుకు సాగిపోతుంది. ఒడ్డుకు దగ్గరగా అలలు విరిగేచోట పుట్టే ప్రవాహం కూడా దీనికి తోడవుతుంది. మన తూర్పుతీరంలో నైరుతి ఋతుపవన కాలంలో అలలు దక్షిణపు వైపునుండి వచ్చి ఇసుకను ఉత్తరానికి నడిపిస్తాయి. ఈశాన్య ఋతుపవన కాలంలో కొంత ఇసుక దక్షిణానికి మళ్ళుతుంది. ఏడాది మొత్తం మీద చూస్తే మిగిలే నికర ప్రయాణం ఉత్తరానికే. అది లక్షల ఘనపు మీటర్లలో ఉంటుంది.

ఈ ప్రయాణానికి అడ్డంగా మనిషి ఒక గోడ కట్టినప్పుడు ఏమి జరుగుతుందో మొదట పెద్ద ఎత్తున మనకు చూపించినది మద్రాసు రేవు. 1875 తరువాత అక్కడ రేవు గోడలు లేచినవి. దక్షిణాన ఇసుక మేట వేసి, నేడు మనం చూస్తున్న విశాలమైన మెరీనా ఏర్పడింది. ఉత్తరాన రాయపురం వైపు తీరం కోతకు గురయి, రాళ్ళు పోసి కాపాడుకోవలసి వచ్చింది. అందమైన మెరీనాను చూసి ఆనందించేవారు, దాని వెడల్పులో రాయపురం జాలరుల ఇసుక కొంత కలిసి ఉన్నదని గుర్తుంచుకోవడం న్యాయం.

ఈ అనుభవం వృథా కాలేదు. 1966లో ప్రధాన రేవుగా ప్రకటింపబడిన ఒరిస్సాలోని పారదీప్‌లో, దక్షిణాన ఆగే ఇసుకను పంపులతో ఉత్తరానికి దాటించే ఏర్పాటు రేవు నిర్మాణంలోనే చేర్చబడింది. విశాఖపట్నంలో 1930వ దశకంలో లోపలి రేవు నిర్మించినప్పుడు, ఇసుకను, అలలను అడ్డుకోవడానికి రెండు పాత ఓడలను ముఖద్వారం వద్ద ముంచి వాటినే గట్టుగా మలచుకున్నారు. 1976లో వెలుపలి రేవు ప్రారంభమైనది. దాని దక్షిణపు గోడ చెంత, వచ్చిన ఇసుక కాలువలో పడకుండా ముందే ఆగేటట్లు సముద్రపు అడుగున ఒక పెద్ద గొయ్యి తవ్వబడింది. గొయ్యి నిండినప్పుడల్లా డ్రెడ్జరు వచ్చి తీయవలసినదే. అట్లా తీసిన ఇసుకను ఉత్తరాన నగర తీరానికి చేర్చడం దశాబ్దాలుగా సాగుతున్న పద్ధతి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకిన తరువాత బీచి రోడ్డు అంచుల వరకు కోత వచ్చినప్పుడు, ఈ ఇసుక విలువ నగరవాసులందరికీ తెలిసివచ్చింది.

గట్టున పోయాలా, నీట విడవాలా?

తీసిన ఇసుకను తీరానికి చేర్చడానికి రెండు దారులు ఉన్నవి. మొదటిది, ఓడనుండి పైపుల ద్వారా ఇసుకనీటిని బీచి మీదికి నేరుగా పంపడం, లేదా ఓడ ముందు భాగంనుండి ఇంద్రధనుస్సువలె వంగిన ధారగా చిమ్మడం. ఫలితం కంటికి కనిపిస్తుంది. ఖర్చు కూడా అంతే స్పష్టంగా కనిపిస్తుంది. పైపులు పరచాలి, బలమైన పంపులు కావాలి, అలలు ఎక్కువైతే పని ఆపాలి.

రెండవది, ఇసుకను తీరానికి కొంత దూరంలో నీటిలోనే వదలి, ఒడ్డుకు చేర్చే పనిని అలలకే అప్పగించడం. ఓడ అడుగున ఉన్న తలుపులు తెరిస్తే కొద్ది నిమిషాలలో పొట్ట ఖాళీ అవుతుంది. ఖర్చు తక్కువ. అలలు కూలి అడగవు. కాని అలలు ఒప్పందం మీద సంతకం కూడా పెట్టవు. అవి ఆ ఇసుకను ఒడ్డుకు తెస్తాయా, ప్రక్కకు లాగుకుపోతాయా, లేక ఉన్నచోటనే వదలివేస్తాయా అన్నది వదలిన లోతుపై, రేణువు పరిమాణంపై, ఋతువుపై ఆధారపడి ఉంటుంది.

ఇక్కడనే అసలు చిక్కు ఉన్నది. నిండుగా ఇసుక మోస్తున్న పెద్ద డ్రెడ్జరు నీటిలో 6 నుండి 8 మీటర్ల వరకు మునిగి ఉంటుంది. అడుగు తగలకుండా అది తిరగడానికి అంతకంటే లోతు కావాలి. ఓడకు లోతైన నీరు క్షేమం. ఇసుకకు తక్కువ లోతు క్షేమం. ఈ రెండింటి మధ్య ఎక్కడ రాజీ కుదురుతుందన్న దానిమీదనే ఈ పద్ధతి జయాపజయాలు ఆధారపడి ఉన్నవి.

మూడు పాఠాలు

ఈ చిక్కు మొదట బయటపడినది అమెరికాలో. కాలిఫోర్నియా రాష్ట్రంలోని శాంటా బార్బరా రేవు గోడ తూర్పు వైపు బీచిలకు ఇసుకను ఆపివేసింది. 1935లో అక్కడి ఇంజనీర్లు రేవులో తీసిన సుమారు 1.5 లక్షల ఘనపు మీటర్ల ఇసుకను దాదాపు 6 మీటర్ల లోతులో ఒక పొడవైన దిబ్బగా వదిలారు. అలలు దానిని బీచికి చేరుస్తాయని వారి ఆశ. ఏళ్ళ తరబడి కొలతలు తీసినా దిబ్బ చెప్పుకోదగినంత కదలలేదు. 1948లో న్యూజెర్సీ రాష్ట్రంలోని లాంగ్ బ్రాంచి వద్ద సుమారు 4.6 లక్షల ఘనపు మీటర్ల ఇసుకను 11 మీటర్లకు పైబడిన లోతులో వదిలారు. అదీ అక్కడనే ఉండిపోయింది. ఈ రెండు అనుభవాల తరువాత చాలాకాలం ఆ పద్ధతిపై నమ్మకం సడలిపోయింది.

మూడవ పాఠం ఆస్ట్రేలియాది. 1980వ దశకం రెండవ భాగంలో గోల్డ్ కోస్ట్ తీరాన కిర్రా ప్రాంతంలో సుమారు 15 లక్షల ఘనపు మీటర్ల ఇసుకను ఒడ్డుకు ఎదురుగా సముద్రంలో వదిలినప్పుడు, తక్కువ లోతులో పడిన ఇసుక క్రమంగా తీరం వైపు జరిగింది. లోతులో పడినది మందకొడిగా ఉండిపోయింది. ఒకే చోట, ఒకే ఇసుక, కొద్ది మీటర్ల లోతు తేడాతో రెండు విధాలుగా ప్రవర్తించింది.

ఈ మూడు ఉదంతాలలోనూ గమనించదగిన విషయం మరొకటి ఉన్నది. విఫలమైన ప్రయోగాలు కూడా మనకు జ్ఞానాన్ని ఇవ్వడానికి కారణం, ఆ ఇంజనీర్లు ఇసుక వదలి ఇంటికి పోకుండా సంవత్సరాల తరబడి తిరిగి వెళ్ళి కొలవడమే. కొలవకపోయి ఉంటే శాంటా బార్బరా బీచికి 1.5 లక్షల ఘనపు మీటర్లు పోషణగా ఇచ్చినట్లు దస్త్రంలో నిలిచిపోయేది.

అల ఇసుకను ఎట్లా మోస్తుంది?

అల కదలికను ఒడ్డున నిలబడి చూసేవారికి నీరంతా ముందుకు వస్తున్నట్లు తోస్తుంది. నిజానికి లోతైన చోట నీటి కణాలు గుండ్రంగా తిరిగి దాదాపు ఉన్నచోటికే వస్తాయి. నీరు పలచబడినకొద్దీ ఆ గుండ్రని కదలిక అణగిపోయి, అడుగున ముందుకు వెనుకకు ఊగడంగా మారుతుంది. ఆ ఊపు రెండు దిక్కులా సమానం కాదు. అల శిఖరం దాటేటప్పుడు ఒడ్డు వైపు నెట్టు కొద్దిసేపే ఉంటుంది గాని బలంగా ఉంటుంది. అల పల్లం దాటేటప్పుడు సముద్రం వైపు నెట్టు ఎక్కువసేపు ఉంటుంది గాని బలహీనంగా ఉంటుంది. రేణువును కదిలించడానికి కనీస బలం ఒకటి కావాలి కాబట్టి, బలమైన నెట్టుకే అది ఎక్కువగా లొంగుతుంది. అందువల్ల ప్రశాంతమైన రోజులలో దూరం నుండి వచ్చే పొడవైన అలలు ఇసుకను మెల్లగా ఒడ్డుకు తెస్తాయి. తుపాను రోజులలో ఎత్తైన అలలు ఒడ్డున నీటిని పోగుచేయగా, ఆ నీరు అడుగు వెంట వెనుకకు పరుగెత్తుతూ ఇసుకను సముద్రంలోకి ఈడ్చుకుపోతుంది.

కొంత లోతు దాటిన తరువాత, ఏడాదిలో అత్యంత పెద్ద అలలు కూడా అడుగును చెప్పుకోదగినంత మార్చలేవు. ఈ లోతును అలల ఎత్తునుబట్టి, వ్యవధినిబట్టి అంచనా వేసే సూత్రాన్ని అమెరికన్ శాస్త్రజ్ఞుడు హాలర్‌మేయర్ 1970వ దశకం చివర ప్రతిపాదించారు. నేటికీ తీర ఇంజనీర్లు దానిని ఆధారంగా తీసుకుంటారు. దీనిని మనం తీరపు గడప అనుకోవచ్చు. గడప లోపల వేసిన ఇసుక ఇంటిలోనిది. వెలుపల వేసినది, ఎంత దగ్గరగా కనిపించినా, వీధిలోనిదే.

జాడ తీసే నాలుగు దారులు

మొదటి దారి లోతుల కొలత. ఇసుక వదలక ముందు, వదలిన వెంటనే, ఆపైన నెలనెలా ఓడనుండి శబ్దతరంగాలను అడుగుకు పంపి, అవి తిరిగివచ్చే కాలాన్నిబట్టి లోతుల పటం తయారుచేస్తారు. పటాలను ఒకదానిపై ఒకటి పరచి చూస్తే దిబ్బ ఎక్కడ తరిగినదీ, ఎక్కడ పెరిగినదీ తెలుస్తుంది. పద్ధతి సులువుగా కనిపించినా చాలా జాగ్రత్త అవసరం. ఒక చదరపు కిలోమీటరు విస్తీర్ణంలో కొలత 10 సెంటీమీటర్లు తప్పితే, లెక్కలో 1 లక్ష ఘనపు మీటర్ల ఇసుక లేకున్నా ఉన్నట్లో, ఉన్నా లేనట్లో తేలుతుంది. ఆటుపోట్ల సవరణ, ఓడ ఊగిసలాట సవరణ సరిగా చేయకపోతే సముద్రం చేయని దొంగతనాన్ని కాగితం చేస్తుంది. పైగా ఈ పటాలు ఎంత ఇసుక తగ్గినదో చెప్పగలవు గాని, తగ్గిన ఇసుక బీచిలో కనిపిస్తున్న ఇసుక ఒకటేనా అన్నది చెప్పలేవు.

దానికి రెండవ దారి కావాలి. అది రంగు పూసిన ఇసుక. అక్కడి ఇసుకనే తెచ్చి, కడిగి, ఆరబెట్టి, అతినీలలోహిత కాంతిలో మెరిసే రంగును రేణువులకు పలుచగా పట్టిస్తారు. వాటి పరిమాణం, ఆకారం, బరువు మారకూడదు. మారితే మనం అనుసరించేది వేరొక ఇసుకను అవుతుంది. వందల కిలోల రంగు ఇసుకను వదలి, ఆపైన బీచిలోను, సముద్రపు అడుగున అనేక చోట్లను నమూనాలు తీసి, చీకటి గదిలో దీపం క్రింద మెరిసే రేణువులను లెక్కిస్తారు. ఇది ఓర్పుతో కూడిన పని. 0.2 మిల్లీమీటరు వ్యాసం గల ఇసుక ఒక గ్రాములో దాదాపు 90 వేల రేణువులు ఉంటాయి. పది లక్షలలో ఒకటిగా కలిసిన రంగు రేణువును పట్టాలంటే, ఒక్కటి దొరకడానికి సగటున 11 గ్రాముల నమూనాను వెదకాలి.

మూడవ దారిలో మన దేశానికి మంచి అనుభవం ఉన్నది. స్కాండియం అనే లోహాన్ని కలిపిన గాజును అక్కడి పూడిక రేణువుల పరిమాణానికి పొడి చేసి, అణు రియాక్టరులో ఉంచితే స్కాండియం-46 అనే రేడియోధార్మిక రూపం ఏర్పడుతుంది. దాని అర్ధాయువు సుమారు 84 రోజులు. అనగా ఒక ఋతువంతా జాడ తీయడానికి తగినంత కాలం ఉండి, ఏడాది తిరిగేసరికి ఇరవయ్యవ వంతుకు తగ్గిపోతుంది. తక్కువ పరిమాణంలో ఈ పొడిని అడుగున వదలి, గామా కిరణాలను గుర్తించే పరికరాన్ని పడవ వెనుక సముద్రపు అడుగున ఈడ్చుకుంటూ పోతే, నమూనా తీయకుండానే రేణువులు వ్యాపించిన తీరు పటంగా వస్తుంది. ట్రాంబేలోని మన అణుశక్తి శాస్త్రజ్ఞులు 1960వ దశకంలోనే ముంబాయి రేవులో, తవ్విపోసిన బురద తిరిగి కాలువలోకి వస్తున్నదా అన్న ప్రశ్నకు ఈ పద్ధతిని వినియోగించారు. తదుపరి హుగ్లీ నదీముఖంలోను, ఇతర రేవులలోను ఇట్టి పరిశీలనలు జరిగినవి. పడమటి తీరంలో నేర్చిన విద్య తూర్పు తీరానికి అక్కరకు వచ్చింది. రేడియోధార్మిక పదార్థం వాడకంలో అనుమతులు, కాపుదల, ప్రజలకు ముందుగా చెప్పడం తప్పనిసరి.

నాలుగవ దారి ప్రకృతి స్వయంగా వేసిన గుర్తు. తూర్పు కనుమల ఖోండలైటు శిలలనుండి కొట్టుకువచ్చిన గోమేదకపు ఎర్రని రేణువులు, ఇల్మెనైటు నల్లని రేణువులు, మోనజైటు విశాఖ, భీమునిపట్నం తీరాలలో కనిపిస్తాయి. బీచిలో తెల్లని ఇసుకపై నల్లని చారలు చూసినవారికి ఇవి పరిచితములే. తీసిన ఇసుకలోను, బీచి ఇసుకలోను ఈ ఖనిజాల పాళ్ళు వేరుగా ఉన్నప్పుడు, ఆ తేడానే ముద్రగా తీసుకొని ఏది ఎక్కడినుండి వచ్చినదో కొంతవరకు చెప్పవచ్చు. బరువైన ఖనిజాలు తేలికపాటి ఇసుకతో సమానంగా కదలవు కాబట్టి, ఈ సాక్ష్యాన్ని ఒంటరిగా నమ్మరాదు.

ఈ నాలుగింటిలో ఏ ఒక్కటీ చాలదు. లోతుల పటం పరిమాణాన్ని, రంగు రేణువు మార్గాన్ని, గామా పటం వేగాన్ని, ఖనిజం మూలాన్ని చెబుతాయి. వీటిని కలిపి లెక్క కట్టే తీరును ఒక ఉదాహరణతో చూద్దాము. గుర్తు రేణువుల మధ్యబిందువు రోజుకు 10 మీటర్లు ఒడ్డు వైపు జరిగినదనుకొందాము. అలలు కలియబెట్టే ఇసుక పొర మందం 5 సెంటీమీటర్లు, దిబ్బ పొడవు 500 మీటర్లు. మూడింటిని గుణిస్తే రోజుకు 250 ఘనపు మీటర్ల ఇసుక కదులుతున్నట్లు. పొర మందాన్ని 5 కి బదులు 10 సెంటీమీటర్లుగా పొరబడితే జవాబు రెట్టింపు అవుతుంది. అందుచేతనే నమూనాలను పైపైన గీకి తీయక, గొట్టం దించి లోతుగా తీస్తారు. వదలిన గుర్తు రేణువులలో మొత్తం మీద ఎంత శాతం తిరిగి కనుగొన్నారో కూడా నివేదికలో చెప్పాలి. నూటికి డెబ్బది పాళ్ళు కనబడకుండా పోతే, దొరికిన ముప్పది పాళ్ళను చూసి ఇసుక ఒడ్డుకే వచ్చినదని చెప్పడం సాహసమే అవుతుంది.

మాటలో ఉన్న చిక్కు

హిందీనుండి తెలుగులోకి అనువాదాలు చేసే ఈ వ్యాసకర్తకు ఈ విషయంలో తరచు ఎదురయ్యే ఇబ్బందిని ఇక్కడ చెప్పుకోవడం అసందర్భం కాదు. రేవులనుండి తీసినదానికి హిందీ రచనలలో సాధారణంగా కనిపించే మాట ‘గాద్’. దానిని తెలుగులో ‘పూడిక’ అంటే చెల్లిపోతుంది. పూడిక అనగానే తీసి పారవేయవలసినది అన్న భావం దానితోపాటు వచ్చి కూర్చుంటుంది. అందులో బురద ఎంత, ఒండ్రు ఎంత, శుభ్రమైన ఇసుక ఎంత అన్న ప్రశ్న ఆ ఒక్క మాట క్రింద కప్పబడిపోతుంది. బురదను బీచి ఎదుట వదిలితే నీరు మురికి అవుతుంది, చేపలకు హాని. ఇసుకను లోతు సముద్రంలో వదిలితే బీచి నోటి దగ్గరి కూడు లాగివేసినట్లు. కాబట్టి దస్త్రంలో ‘పూడిక ఇంత’ అని రాసేచోట ‘ఇసుక ఇంత, బురద ఇంత’ అని రాయడం మొదలయితే సగం పని అయినట్లే.

‘తీరపోషణ’ అన్న మాట గురించి కూడా ఇదే చెప్పాలి. పోషణ అంటే అన్నం వండడం కాదు, వడ్డించడమూ కాదు, తిన్నవాని ఒంటికి పట్టడం. ఇసుకను వదలిన రోజున పోషణ జరిగినట్లు కాదు. అది తీరంలో కనిపించిన రోజున జరిగినట్లు.

రెండు రాష్ట్రాలు, ఒకే ఇసుక

కిర్రా బీచి కథలో ఇంకొక ఘట్టం మన పాఠకులకు ప్రత్యేకంగా ఆసక్తి కలిగిస్తుంది. అక్కడ బీచిలు క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలోనివి. వాటికి దక్షిణాన ఉన్న ట్వీడ్ నది ముఖద్వారం న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలోనిది. 1960వ దశకం మొదటి భాగంలో పడవల రాకపోకల కొరకు నదీముఖంలో గోడలను పొడిగించగా, ఉత్తరానికి పోవలసిన ఇసుక ఆగిపోయి పొరుగు రాష్ట్రపు బీచిలు కరగిపోయినవి. ఒక రాష్ట్రం చేసిన మేలు మరొక రాష్ట్రానికి కీడు అయింది. చివరకు రెండు ప్రభుత్వాలు 1990వ దశకంలో ఒప్పందం చేసుకొని, ఖర్చును పంచుకొని, ఇసుకను నదీముఖం క్రిందుగా పైపులలో దాటించే శాశ్వత ఏర్పాటు చేశాయి. అది 2001 నుండి పనిచేస్తున్నది. మొదటి సంవత్సరాలలో ఇసుక అవసరానికి మించి చేరి కిర్రా బీచి మితిమీరి వెడల్పయింది. అలలపై పలకలతో ఆడే క్రీడాకారులు తమ ప్రఖ్యాత అల మాయమయినదని మొరపెట్టుకున్నారు. కొలత ఉన్నది కాబట్టి పొరపాటు తెలిసింది. తెలిసింది కాబట్టి పంపే పరిమాణాన్ని సవరించుకోగలిగారు.

మన దేశంలో పరిస్థితి ఇంకా చిక్కుముడి. పెద్ద రేవులు కేంద్రానివి, తీరపు రోడ్లు నగరపాలక సంస్థలవి, బీచి నిర్వహణ రాష్ట్రాలది, చేపలవేట జాలరులది. ఇసుకకు మాత్రం ఈ విభజన తెలియదు. 1976లో స్థాపింపబడి విశాఖపట్నం కేంద్రంగా పనిచేస్తున్న డ్రెడ్జింగ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియాలో కేంద్ర ప్రభుత్వ వాటా 2019లో విశాఖపట్నం, పారదీప్, జవహర్‌లాల్ నెహ్రూ, కాండ్లా రేవులకు బదిలీ అయింది. తూర్పున రెండు, పడమట రెండు రేవులు ఒకే సంస్థలో భాగస్వాములు కావడం, ఇసుక విషయంలో ఉమ్మడి ఆలోచనకు మంచి అవకాశం. 1916లో స్థాపింపబడి, పుణె సమీపంలోని ఖడక్‌వాస్లాలో ఉన్న కేంద్ర జల, విద్యుత్ పరిశోధనాలయం రేవుల నమూనాలను నిర్మించి పరిశీలిస్తుంది. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ పుదుచ్చేరిలో నీటిలో మునిగిన గట్టును నిర్మించి పోయిన బీచిని తిరిగి తెప్పించే ప్రయత్నానికి తోడ్పడింది. విద్య ఉన్నది, ఓడలు ఉన్నవి, ఇసుక ఉన్నది. వాటిని ఒక త్రాటిపై నిలిపే లెక్క కావాలి.

మనం చేయవలసినది

మొదటిది, ప్రతి రేవు తన ఇసుక ఖాతాను ఏటా ప్రకటించాలి. ఎంత తీసినది, అందులో ఇసుక పాలు ఎంత, ఏ లోతులో, ఏ నెలలో వదలినది, ఆపైన ఎంత ఒడ్డుకు చేరినది అన్న నాలుగు అంకెలు చాలు.

రెండవది, జాడ తీయడానికి అయ్యే ఖర్చును పూడికతీత ఒప్పందంలోనే చేర్చాలి. తవ్వడానికి పెట్టే ఖర్చుతో పోల్చితే జాడకు పెట్టేది చిన్న మొత్తం. ఇసుక తప్పు చోట వదిలితే తవ్విన ఖర్చూ పోతుంది, బీచీ పోతుంది, ఆ తరువాత రాళ్ళ గోడ కట్టే ఖర్చు మీద పడుతుంది. ఉప్పాడ తీరాన సముద్రం మీదికి వచ్చిన ప్రతిసారీ రాళ్ళతో, ఇసుక నింపిన పెద్ద గొట్టపు సంచులతో పోరాడుతున్న పల్లెవాసులకు ఈ ఖర్చు ఎటువంటిదో బాగా తెలుసు.

మూడవది, జాలరులను ఈ పనిలో భాగస్వాములను చేయాలి. విశాఖ పెద జాలరిపేటలోను, తీరం పొడవునా ఉన్న ఇతర పల్లెలలోను, ఎక్కడ ఎన్ని బారల లోతు ఉన్నదో, ఏ నెలలో ఇసుక తిన్నె ఎటు జరుగుతుందో పెద్దలు నోటితో చెప్పగలరు. ఒడ్డునుండి అలివి వల లాగేవారికి బీచి కేవలం షికారు స్థలం కాదు, అది వారి పనిశాల. ఇసుక వదిలే చోటు వారి వలలకు, చేపల మేతకు అడ్డు రాకుండా నిర్ణయించడం న్యాయమే గాక, వారి జ్ఞానం నమూనాలు ఎక్కడ తీయాలో చెప్పే మొదటి పటం కూడా.

తూర్పు కనుమలలో పుట్టి, నదులలో దొర్లి, తీరం వెంట పల్లె తరువాత పల్లె దాటి, రాష్ట్రం తరువాత రాష్ట్రాన్ని తాకుతూ సాగే ఇసుక రేణువుకు పొలిమేరలు లేవు. దారిలో మనం మన అవసరం కొరకు గోడ కట్టుకున్నాము. రేవులు లేక దేశానికి వాణిజ్యం లేదు గనుక ఆ గోడ తప్పు కాదు. కాని గోడకు ఈవల ఆగినదానిని ఆవలి వారికి అందజేయడం మన బాధ్యత. అందజేశామని చెప్పడంతో ఆ బాధ్యత తీరదు. ఆవలి ఒడ్డున నిలబడి, పాదాల క్రింద ఇసుక నిజంగా పెరిగిందని కొలిచి చూసిన నాడే తీరుతుంది.